వెలుగుకు కనిపించని జిగట

రెండు పాత పత్రాలను పక్కపక్కన పెట్టి చదివితే ఈ చిక్కు బయటపడుతుంది. మొదటిది 1961 నాటిది. అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్లు తమలో తాము ఎంత ఢీకొన్నా, అవి కాంతిని పీల్చుకునే పౌనఃపున్యం మారదని అది లెక్కగట్టి నిరూపించింది. రెండోది 1963 నాటిది. ఎలక్ట్రాన్లు తమలో తాము తరచుగా ఢీకొంటే సన్నని తీగలో ద్రవంలా పారతాయని, అప్పుడు వేడి పెరిగేకొద్దీ తీగ నిరోధం తగ్గవచ్చని అది చెప్పింది. ఢీకొనడం పైకి కనిపించదని ఒకటి అంటుంది. కొలిచి చూపవచ్చని ఇంకొకటి అంటుంది.

ఈ రెండు వాదాలూ గ్రాఫీన్‌లో ఎదురుపడ్డాయి. గ్రాఫీన్ అంటే ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర. అయస్కాంత క్షేత్రంలో అది కాంతి ధ్రువణాన్ని, అంటే కాంతి ఊగే తలాన్ని, గట్టిగా తిప్పుతుందని 2011 నాటికి అచ్చయింది. అందులో ఎలక్ట్రాన్లు జిగట ద్రవంలా పారతాయని 2016లో అచ్చయింది. పదార్థం ఒకటే, ఎలక్ట్రాన్లూ అవే. అలాంటప్పుడు ఆ జిగట కాంతిలో ఎక్కడ కనిపించాలి? కనిపించిందని చెప్పిన పత్రాలు నిజంగా దాన్నే చూశాయా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు కోసం పత్రాలను తేదీల వరుసలో మళ్లీ తిరగేశాను.

ముందు కాంతికీ అయస్కాంతానికీ ఉన్న సంబంధం. 1845 సెప్టెంబరులో లండన్‌లోని ఒక ప్రయోగశాలలో, అయస్కాంత క్షేత్రంలో ఉంచిన బరువైన గాజు గుండా కాంతిని పంపితే దాని ధ్రువణ తలం తిరిగింది. 1879లో అమెరికాలో పలుచని బంగారు రేకులో విద్యుత్తు పంపి, అయస్కాంత క్షేత్రం పెడితే అడ్డంగా వోల్టేజీ పుట్టింది. దీన్ని హాల్ వోల్టేజీ అంటారు. ఈ రెండింటికీ మూలం ఒకటే. క్షేత్రం ఎలక్ట్రాన్‌ను పక్కకు వంచుతుంది. అడ్డంకి లేకపోతే అది గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరుగుడు వేగాన్ని సైక్లోట్రాన్ పౌనఃపున్యం అంటారు. కాంతి పౌనఃపున్యం దానితో సరిపోలిన చోట పదార్థం కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది.

గ్రాఫీన్‌లో ఈ పౌనఃపున్యం ఎంతో కాగితం మీదే లెక్కగట్టవచ్చు. చదరపు సెంటీమీటరుకు 1 లక్ష కోటి ఎలక్ట్రాన్లు ఉంటే, ఒక్కో ఎలక్ట్రాన్ ప్రవర్తించే ద్రవ్యరాశి మామూలు ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిలో సుమారు 50వ వంతు. 1 టెస్లా క్షేత్రంలో అది సెకనుకు సుమారు 1.4 లక్షల కోట్ల చుట్లు తిరుగుతుంది. అంటే 1.4 టెరాహెర్ట్జ్. ఇది మైక్రోవేవ్‌కూ పరారుణానికీ మధ్య ఉన్న కాంతి. ఈ కథలో సాక్ష్యం ఎక్కువగా ఈ ప్రాంతం నుంచే వస్తుంది.

ఇక 1961 పత్రం. దాని ఫలితాన్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు. షరతులను మాత్రం చాలామంది దాటేస్తారు. ఫలితం ఇది: రెండు ఎలక్ట్రాన్ల మధ్య బలం రెండింటి మీదా సమానంగా, ఎదురెదురుగా పనిచేస్తుంది. కాబట్టి మొత్తం గుంపు కేంద్రం కదలికను ఆ బలాలు మార్చలేవు. కాంతి కదిలించేది ఆ కేంద్రాన్నే. అందువల్ల లోపలి కొట్లాట కాంతికి తెలియదు. షరతులు రెండు. కాంతి విద్యుత్ క్షేత్రం గుంపంతటా ఒకేలా ఉండాలి. గుంపులోని ప్రతి కణానికీ ఆవేశం, ద్రవ్యరాశి ఒకటే కావాలి. ఈ రెండు షరతులను ఇక్కడ రాసిపెట్టుకుందాం. చివరికి చిక్కు విడేది వీటి దగ్గరే.

1963 పత్రానికీ షరతులున్నాయి. ఎలక్ట్రాన్ ఇంకో ఎలక్ట్రాన్‌ను ఢీకొనే దూరం తీగ వెడల్పు కన్నా చాలా తక్కువ కావాలి. మలినాలను, స్ఫటిక కంపనాలను ఢీకొనే దూరం చాలా ఎక్కువ కావాలి. మామూలు లోహంలో ఈ రెండూ కలిసి దొరకవు. వేడి చేస్తే ఎలక్ట్రాన్ల ఢీలు పెరుగుతాయి, కానీ వాటితోపాటే స్ఫటిక కంపనాలూ పెరుగుతాయి. దీన్ని దాటడానికి 30 ఏళ్లు పట్టింది. 1990ల మధ్యలో గాలియం ఆర్సెనైడ్‌తో చేసిన సన్నని తీగలో, స్ఫటికాన్ని చల్లగా ఉంచి, విద్యుత్తుతో ఎలక్ట్రాన్లను మాత్రమే వేడెక్కించారు. నిరోధం ముందు పెరిగి తర్వాత తగ్గింది. 1963 లెక్క నిలబడింది. ఆ తీగకు గోడలున్నాయని, ప్రవాహం గోడ దగ్గర ఒకలా మధ్యలో ఇంకోలా ఉంటుందని గమనించాలి. అంటే 1961 నాటి మొదటి షరతు ఆ తీగలో వర్తించదు.

ఇప్పుడు గ్రాఫీన్. 2004లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో దీన్ని గ్రాఫైట్ నుంచి విడదీసి కొలిచారు. 2011లో అచ్చయిన ఒక స్విట్జర్లాండ్ పత్రం దాని అయస్కాంత కాంతి గుణాన్ని బయటపెట్టింది. సిలికాన్ కార్బైడ్ మీద పెంచిన ఒకే పొర, 7 టెస్లా క్షేత్రంలో, దూర పరారుణ కాంతి ధ్రువణాన్ని సుమారు 6 డిగ్రీలు తిప్పింది. పొర మందం 0.34 నానోమీటర్లు. అంత పలుచని వస్తువు అంత తిప్పడం అంతకు ముందు రికార్డుల్లో లేదు.

ఇంత పెద్ద కోణానికి ఎలక్ట్రాన్లు ద్రవంలా కలిసి కదలడమే కారణమా? ఇదే నేను పరిశీలించిన మొదటి ఆధారం. ద్రవం కారణం కాదు. ఒంటరి ఎలక్ట్రాన్లు గుండ్రంగా తిరుగుతాయని మాత్రమే అనుకున్న పాత సూత్రంతోనే ఆ కొలతను వివరించవచ్చు. ఇంకో కారణం ఉష్ణోగ్రత. ఆ కొలత ద్రవ హీలియం స్థాయి చలిలో జరిగింది. అంత చలిలో గ్రాఫీన్ ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి అరుదుగా ఢీకొంటాయి. ఢీలు లేని చోట జిగట ద్రవం ఉండదు. ఈ ఆధారాన్ని పక్కన పెట్టాను.

రెండో ఆధారం 2012 పత్రంలో ఉంది. అదే రకం పొరలో, క్షేత్రం లేనప్పుడు శోషణ శిఖరం సున్నా పౌనఃపున్యం దగ్గర ఉండాలి. అక్కడ లేదు. టెరాహెర్ట్జ్ ప్రాంతంలోకి జరిగింది. క్షేత్రం పెడితే ఆ శిఖరం రెండుగా చీలి, ఒకటి పైకి, ఒకటి కిందికి నడిచింది. ఎలక్ట్రాన్లు గుంపుగా ఊగుతున్నాయనడానికి ఇది గట్టి గుర్తు. కారణం కూడా ఆ పత్రమే చెప్పింది. సిలికాన్ కార్బైడ్ ఉపరితలం మెట్లు మెట్లుగా ఉంటుంది, పొరలో ముడతలుంటాయి. ఎలక్ట్రాన్ గుంపు వాటి మధ్య చిక్కుకుని అటూ ఇటూ ఊగుతుంది.

గుంపుగా ఊగడం ద్రవంగా పారడంతో సమానమా? కాదు. ప్లాస్మా ఊపు అనే ఈ గుంపు ఊగడానికి కావలసింది ఆవేశాల మధ్య దూరం నుంచి పనిచేసే విద్యుత్ బలం. ఢీకొనడం అక్కర్లేదు. ఒక్క ఢీ కూడా లేని గుంపు సైతం అలా ఊగగలదు. ఈ తేడాను చాలా వ్యాసాలు చెరిపేస్తాయి. ‘సామూహిక’ అన్న మాట కనిపించగానే ద్రవం అనేస్తాయి. 2012 పత్రం ఆ పొరపాటు చేయలేదు. రెండో ఆధారమూ ద్రవానికి సాక్ష్యం కాదు.

మూడోది వీటికన్నా పాతది. 2006, 2007లలో గ్రాఫీన్ మీద బలమైన క్షేత్రంలో పరారుణ కాంతిని వేసి, ఎలక్ట్రాన్ శక్తి మెట్లను కొలిచారు. ఆ మెట్లు క్షేత్రం వర్గమూలంతో పెరుగుతాయి. ఇది గ్రాఫీన్ లాంటి పదార్థాల ప్రత్యేకత. 2007 కొలతలో మెట్ల నిష్పత్తి ఒంటరి ఎలక్ట్రాన్ లెక్కకు కాస్త తేడాగా వచ్చింది. ఎలక్ట్రాన్ల పరస్పర బలమే కారణం కావచ్చని అక్కడే రాశారు. అంటే 1961 నియమం గ్రాఫీన్‌లో బీటలు వారుతుంది. గ్రాఫీన్‌లో శక్తి ద్రవ్యవేగంతో సరళరేఖలో పెరుగుతుంది కాబట్టి ఆ నియమం ఇక్కడ పూర్తిగా వర్తించదు. అయితే పరస్పర బలం కనిపించడం వేరు, ద్రవం కావడం వేరు. బలం శక్తి మెట్టును కాస్త జరపగలదు. ద్రవం కావాలంటే కాంతి ఒకసారి ఊగే లోపల ఎలక్ట్రాన్లు ఢీకొని, తమ వేగాలను పంచుకుని సర్దుకోవాలి.

ఆ సర్దుబాటుకు పట్టే సమయం ఎంత? 2016 కొలతల నుంచి ఇది తెలుస్తుంది. ఆ ఏడాది మార్చిలో మాంచెస్టర్ నుంచి వచ్చిన పత్రం, విద్యుత్తును గ్రాఫీన్‌లోకి పంపే కాంటాక్టు పక్కనే వోల్టేజీ తలకిందులైందని చూపింది. ద్రవం సన్నని నోటి నుంచి దూకినప్పుడు పక్కన సుడి తిరిగి వెనక్కి పారుతుంది. అదే ఇక్కడా జరిగిందన్నారు. జిగటకు కొలత అయిన స్నిగ్ధతను సెకనుకు సుమారు 0.1 చదరపు మీటర్లుగా తేల్చారు. తేనెకు ఉన్నదానికి ఇది సుమారు 10 రెట్లు.

ఈ అంకెను నేను వెనక్కి లెక్కగట్టాను. స్నిగ్ధత అంటే ఎలక్ట్రాన్ వేగాన్ని ఢీల మధ్య దూరంతో గుణించి 4తో భాగించడం. గ్రాఫీన్‌లో వేగం సెకనుకు సుమారు 10 లక్షల మీటర్లు. అలాగైతే ఢీల మధ్య దూరం సుమారు 0.4 మైక్రోమీటర్లు వస్తుంది. దాన్ని వేగంతో భాగిస్తే సమయం సుమారు 0.4 పికోసెకన్లు. కళ్లకు కనిపించే కాంతి ఒక ఊపుకు తీసుకునేది సుమారు 2 ఫెమ్టోసెకన్లు. ఆ లోపల ఎలక్ట్రాన్ ఇంకో ఎలక్ట్రాన్‌ను ఢీకొనే అవకాశం లేనట్టే. కాబట్టి కనిపించే కాంతిలోను, మామూలు పరారుణంలోను ద్రవం కోసం వెతకడం వృథా. టెరాహెర్ట్జ్ కాంతి ఒక ఊపుకు 1 పికోసెకను తీసుకుంటుంది. ద్రవం మొదలయ్యే అంచు అక్కడ ఉంది. ఏ కాంతిలో వెతకాలన్న ప్రశ్న ఇక్కడ తీరింది.

2016 పత్రం మీద ఒక సందేహం న్యాయంగానే వచ్చింది. ఎలక్ట్రాన్లు దేన్నీ ఢీకొనకుండా సూటిగా దూసుకుపోయి, ఎదురుగా ఉన్న అంచుకు తగిలి వెనక్కి వచ్చినా వోల్టేజీ తలకిందులు కావచ్చు. దీన్ని తేల్చింది ఉష్ణోగ్రత. వేడి చేస్తే సూటి ప్రయాణం దెబ్బతింటుంది, అప్పుడు ఆ గుర్తు బలహీనపడాలి. ద్రవమైతే, వేడితో ఢీలు పెరిగి గుర్తు ముందు బలపడాలి. 2018లో వచ్చిన కొలతలు సూటి దశ నుంచి జిగట దశకు మారే ఉష్ణోగ్రతను పట్టుకున్నాయి. ద్రవం ఉందన్నది నిలబడింది. ‘ఢీలు లేని ప్రయాణమా, ఢీలు నిండిన ద్రవమా’ అన్న ఈ సందేహమే తర్వాత కాంతి విషయంలోనూ తిరిగి వస్తుంది.

కాంతి విషయానికి వస్తే, పెద్ద పొర మీద టెరాహెర్ట్జ్ కాంతి నిటారుగా పడితే ఆ జిగట తెలుస్తుందా? దీనికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. ప్రవాహం ఒక చోటికీ ఇంకో చోటికీ మారేటప్పుడే జిగట పనిచేస్తుంది. ఎంత తక్కువ దూరంలో మారితే అంత గట్టిగా పనిచేస్తుంది, ఆ దూరం వర్గానికి విలోమంగా. 1 టెరాహెర్ట్జ్ కాంతి తరంగదైర్ఘ్యం 300 మైక్రోమీటర్లు. దానికి లెక్కగడితే జిగట వల్ల ప్రవాహం నెమ్మదించే రేటు, అంటే సడలింపు, సెకనుకు సుమారు 4.4 కోట్లు. కాంతి కోణీయ పౌనఃపున్యం సెకనుకు సుమారు 6.3 లక్షల కోట్లు. మొదటిది రెండోదానిలో లక్షో వంతు కూడా లేదు. 6 డిగ్రీల కోణంలో దాన్ని వెతికే పరికరం లేదు. పెద్ద పొర మీద పడే కాంతికి గ్రాఫీన్ జిగట కనిపించదు.

అదే లెక్కను 1 మైక్రోమీటరు దూరానికి వేశాను. దూరం 300 రెట్లు తగ్గింది. ప్రభావం 90,000 రెట్లు పెరిగింది. సడలింపు సెకనుకు సుమారు 4 లక్షల కోట్లకు చేరింది. కాంతి పౌనఃపున్యానికి ఇది దాదాపు సాటి. అంత తక్కువ దూరంలో ద్రవ సూత్రం కూడా తన హద్దు దగ్గరే ఉంటుంది, కాబట్టి ఈ అంకెను ఖచ్చితమైనదిగా తీసుకోకూడదు. కానీ 90,000 రెట్ల తేడా ఏ సవరణకూ చెరిగేది కాదు. పొర మధ్యలో కాదు, లోహపు కాంటాక్టు పక్కన, సన్నని ఇరుకు దగ్గర వెతకాలి. నా తవ్వకంలో ఎక్కువ సంతృప్తి ఇచ్చింది ఈ లెక్కే. ఎందుకంటే ఆ తర్వాతి పత్రాలన్నీ ఆ చోటునే చూపించాయి.

2019 పత్రం చూడండి. అయస్కాంత క్షేత్రంలో జిగటకు ఇంకో రూపం వస్తుంది. అది శక్తిని వేడిగా పోగొట్టదు, ప్రవాహాన్ని పక్కకు నెడుతుంది. దీన్ని హాల్ స్నిగ్ధత అంటారు. 1995లో సిద్ధాంతంలో వచ్చింది. 2019లో మాంచెస్టర్‌లోనే గ్రాఫీన్‌లో కొలిచారు. మామూలు హాల్ వోల్టేజీకి వ్యతిరేక దిశలో వోల్టేజీ వచ్చింది. ఎక్కడ వచ్చింది? విద్యుత్తు పంపే కాంటాక్టుల పక్కన. కాంతి ధ్రువణాన్ని తిప్పేది కూడా హాల్ వాహకతే, అంటే విద్యుత్తు అడ్డంగా మళ్లే గుణమే. అదే గుణం, చిన్న దూరాల్లో, జిగట వల్ల మారుతుందని ఈ కొలత చూపింది.

ఇప్పుడు ఈ కథలో అతి వింతైన సాక్ష్యం. 2010లో గాలియం ఆర్సెనైడ్ పొరల మీద మైక్రోవేవ్ వేసి నిరోధం కొలిచారు. ఆ పొరలు చాలా స్వచ్ఛమైనవి. చలనశీలత 3 కోట్ల చదరపు సెంటీమీటర్లు, వోల్టు సెకనుకు. మైక్రోవేవ్ పౌనఃపున్యం సైక్లోట్రాన్ పౌనఃపున్యానికి సరిగ్గా రెట్టింపు దగ్గర ఉన్నప్పుడు ఒక సన్నని, ఎత్తైన శిఖరం లేచింది. 1961 నియమం ప్రకారం కాంతి ఒకటో రెట్టు దగ్గరే అనునాదం చూపాలి. రెండో రెట్టు దగ్గర అంత శిఖరం ఎందుకు?

మైక్రోవేవ్ వేస్తే నిరోధం అలలు అలలుగా మారడం 2001 నుంచే తెలుసు. ఈ శిఖరం ఆ అలల్లో ఒకటేమో అన్నది సహజమైన అనుమానం. కొలతలు ఒప్పుకోవు. శిఖరం ఎత్తు ఆ అలల ఎత్తుకు 3 రెట్లు దాటింది. పైగా అలలు ప్రతి రెట్టు దగ్గరా వస్తాయి, ఇది రెండో రెట్టు మీద లేచింది. అదే పత్రంలో మరో మాట ఉంది. ఈ శిఖరం చూపిన నమూనాల్లోనే, క్షేత్రం పెంచితే నిరోధం బాగా తగ్గింది. రెండింటికీ సంబంధం ఉందని వాళ్లే రాశారు. కారణం దగ్గర మాత్రం రెండు దారులు చూపి ఆగారు. వాటిలో ఒకదానిలో చతుర్ధ్రువ అనునాదం అన్న ఊహ ఉంది. అది తర్వాత పనికొచ్చింది.

క్షేత్రం పెంచితే నిరోధం తగ్గడానికి 2016లో ఒక సిద్ధాంత పత్రం జిగటతో కారణం చెప్పింది. క్షేత్రం ఎలక్ట్రాన్‌ను గుండ్రంగా తిప్పితే అది పక్క పొరకు ద్రవ్యవేగాన్ని మోసుకెళ్లే దూరం తగ్గుతుంది. అంటే జిగట తగ్గుతుంది. ఇరుకులో ప్రవాహం సులువవుతుంది. 2018లో అదే లెక్కను అధిక పౌనఃపున్యానికి సాగదీస్తే, సైక్లోట్రాన్ పౌనఃపున్యానికి రెట్టింపు దగ్గర జిగటకు అనునాదం వచ్చింది. 2010లో జతగా కనిపించిన రెండు వింతలూ ఒకే కారణం కిందికి చేరాయి.

రెట్టింపే ఎందుకు? జిగట అంటే ద్రవంలో కోత ఒత్తిడి. కోత వల్ల ఎలక్ట్రాన్ల వేగాల పంపిణీ గుండ్రం నుంచి కోలగా సాగుతుంది. క్షేత్రం ఆ కోల ఆకారాన్ని తిప్పుతుంది. బల్ల మీద అప్పడాల కర్రను సగం చుట్టు తిప్పండి, మొదట్లో ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది. ఎలక్ట్రాన్లు ఒక చుట్టు తిరిగేలోపు వాటి కోల ఆకారం రెండుసార్లు మొదటి స్థితికి వస్తుంది. అందుకే రెట్టింపు. చతుర్ధ్రువ ఆకారం అంటే ఇదే.

ఈ వివరణ చక్కగా ఉంది. చక్కగా ఉన్నందుకే దాన్ని నిలదీయాలి. శిఖరం సన్నగా రావాలంటే ఎలక్ట్రాన్లు ఢీకొనకుండా కొన్ని చుట్లు తిరగాలి. ద్రవం కావాలంటే చుట్టు పూర్తికాకముందే ఢీకొనాలి. రెండూ ఒకేసారి ఎలా? 2018 లెక్క దీనికి ఒక దారి చూపింది. ఎలక్ట్రాన్ల మధ్య పరస్పర బలం చాలా గట్టిగా ఉంటే, ఢీలు అరుదైనా కోత ఒత్తిడి ఒక్కటే ముఖ్యమై మిగతా ఆకారాలు వెనక్కి తగ్గుతాయి. అంటే అది నీటిలాంటి ద్రవం కాదు, సాగే గుణమున్న ద్రవం. ఇది సాధ్యమే. కానీ ఈ సాధ్యత ఒక షరతు మీద నిలబడి ఉంది. గాలియం ఆర్సెనైడ్‌లో సరిపడిన షరతు గ్రాఫీన్‌లోనూ సరిపడుతుందని ఊరికే అనుకోకూడదు.

గ్రాఫీన్‌లో ఆ రెట్టింపు శిఖరం 2022లో అచ్చయింది. టెరాహెర్ట్జ్ కాంతి వేసి వోల్టేజీ కొలిస్తే, సైక్లోట్రాన్ పౌనఃపున్యం దగ్గర రావలసిన సంకేతం కన్నా రెట్టింపు దగ్గర వచ్చినది చాలా పెద్దది. మొదటి రెట్టు కన్నా రెండో రెట్టు బలంగా ఉండటం 1961 నియమానికి నేరుగా ఎదురు. జిగట వాదానికి ఇది గెలుపులా కనిపిస్తుంది.

ఆ పత్రం మాత్రం జిగటను కారణంగా చెప్పలేదు. కాంటాక్టు అంచుల దగ్గర కాంతి క్షేత్రం చిన్న దూరంలో వేగంగా మారుతుంది. అక్కడ బెర్న్‌స్టీన్ తరంగాలు పుడతాయి. ఇవి 1958లో ప్లాస్మా సిద్ధాంతంలో మొదట రాసిన తరంగాలు. సైక్లోట్రాన్ రెట్ల దగ్గర ఇవి దాదాపు కదలకుండా నిలిచి, శోషణను బాగా పెంచుతాయి. వీటికి ఎలక్ట్రాన్ల ఢీలు అక్కర్లేదు, అసలు ఢీలు తక్కువగా ఉంటేనే ఇవి బతుకుతాయి. క్షేత్రం, ఎలక్ట్రాన్ల సాంద్రత, నమూనా ఆకారం మార్చినప్పుడు సంకేతం మారిన తీరు ఈ వివరణకు సరిపోయిందని పత్రం చూపింది.

2016 నాటి సందేహమే ఇక్కడ మళ్లీ ఎదురైంది. అప్పుడు ఉష్ణోగ్రత తీర్పు చెప్పింది. ఇప్పుడు చెప్పగలదా? చెప్పలేదు. వేడి పెరిగితే ఢీలు పెరుగుతాయి. ఢీలు పెరిగితే బెర్న్‌స్టీన్ శిఖరం చప్పబడుతుంది. జిగట శిఖరం కూడా వెడల్పై కరుగుతుంది. రెండూ ఒకే దిశలో పోతాయి. కాబట్టి వేడిచేస్తే శిఖరం పోయిందని చూపి జిగటను నిరూపించామంటే ఒప్పుకోకూడదు.

రెండింటినీ విడదీసే గుర్తు వేరే ఉంది. కోత ఒత్తిడి రెండో రెట్టు దగ్గరే అనునాదం ఇస్తుంది, మూడో రెట్టు దాని పరిధిలో లేదు. బెర్న్‌స్టీన్ తరంగాలు మూడు, నాలుగు రెట్ల దగ్గర కూడా ఉండాలి. రెండో గుర్తు ఇరుకు వెడల్పు. జిగట ప్రభావం వెడల్పు వర్గంతో తగ్గాలి. ఈ రెండు గుర్తులూ ఒకే నమూనాలో కలిసి ఒక పక్షానికి పలికితేనే తీర్పు.

ఇరుకు దగ్గర జిగట కాంతికి స్పందిస్తుందనడానికి అయస్కాంత క్షేత్రం లేని సాక్ష్యం 2024లో వచ్చింది. గ్రాఫీన్‌లో సన్నని ఇరుకు చేసి టెరాహెర్ట్జ్ కాంతి వేస్తే నిరోధం తగ్గింది. కాంతి ఎలక్ట్రాన్లను వేడెక్కించింది, ఢీలు పెరిగాయి, జిగట ప్రవాహం ఇరుకును సులువుగా దాటింది. 1963 లెక్కలోని తగ్గుదల తీగ నుంచి ఇరుకుకు, విద్యుత్తు వేడి నుంచి కాంతికి మారింది. చోటు మాత్రం మారలేదు. మళ్లీ ఇరుకే.

ఇప్పటిదాకా చూసినదంతా 1961 నాటి మొదటి షరతు తప్పిన చోట్ల గురించి. రెండో షరతు, అంటే కణాలన్నీ ఒకే రకం కావడం, గ్రాఫీన్‌లో ఇంకా సులువుగా తప్పుతుంది. ఎలక్ట్రాన్ల సాంద్రత తగ్గిస్తూ పోతే తటస్థ స్థితి వస్తుంది. అక్కడ వేడికి ఎలక్ట్రాన్లూ, వాటికి ఎదురు ఆవేశమున్న రంధ్రాలూ సమానంగా పుడతాయి. గది వేడిలో చదరపు సెంటీమీటరుకు ఒక్కో రకం సుమారు 8,000 కోట్లు. కాంతి వీటిని ఎదురెదురు దిశల్లో తోస్తుంది. అప్పుడు ఢీలు గుంపు ప్రవాహాన్ని నేరుగా అడ్డుకుంటాయి. పెద్ద పొర మీద సమానంగా పడే కాంతికి కూడా ఆ ఢీలు తెలుస్తాయి.

ఈ మాట 2008లోనే ఒక సిద్ధాంత పత్రంలో ఉంది. సాధారణంగా గ్రాఫీన్‌లో సాంద్రత తగ్గిస్తే సైక్లోట్రాన్ పౌనఃపున్యం పెరుగుతుంది, ఎందుకంటే ప్రవర్తించే ద్రవ్యరాశి తగ్గుతుంది. ద్రవంలో అలా జరగదు. తటస్థ స్థితికి దగ్గరయ్యేకొద్దీ గుంపు పౌనఃపున్యం సున్నా వైపు పడిపోవాలి, శిఖరం వెడల్పు కావాలి. ఒకటి పైకి పోతుంది, ఇంకొకటి కిందికి. ఇంత స్పష్టంగా విడిపోయే గుర్తు ఈ మొత్తం కథలో ఇంకొకటి లేదు.

2008 లెక్కను వెంటనే ఎందుకు పరీక్షించలేకపోయారు? కారణం అడుగు పొర. సిలికాన్ ఆక్సైడ్ మీద పెట్టిన గ్రాఫీన్‌లో ఆవేశం గుంటలు గుంటలుగా చేరుతుంది. ఆ గుంటల సాంద్రత, పైన చెప్పిన 8,000 కోట్ల స్థాయికి సమానం, లేదా ఎక్కువ. అక్కడ తటస్థ స్థితి మాటకే ఉంటుంది. 2010లో బోరాన్ నైట్రైడ్ మీద గ్రాఫీన్ పెట్టడం మొదలైంది. అక్కడ గుంటలు బాగా తగ్గాయి. ఆరేళ్లకు, 2016లో, తటస్థ గ్రాఫీన్‌లో వేడి ప్రవాహం, విద్యుత్ ప్రవాహం మధ్య 1853 నుంచి నమ్ముతున్న నిష్పత్తి 10 రెట్లకు పైగా తప్పింది. బెంగళూరులో చేసిన కొలతలు 2025లో అచ్చయ్యాయి, వాటిలో ఆ తేడా 200 రెట్లు దాటింది. 2019లో అమెరికా పశ్చిమ తీరంలో గ్రాఫీన్‌ను చిప్ మీది తరంగ మార్గంలోనే పెట్టి టెరాహెర్ట్జ్‌తో చూశారు. తటస్థ స్థితి దగ్గర ఎలక్ట్రాన్, రంధ్రాల ఢీలే వాహకతను నిర్ణయించాయి. ఎలక్ట్రాన్ల ఢీలు కాంతిలో నేరుగా కనిపించాయని ఒప్పుకోదగ్గ పత్రం ఇది. అందులో అయస్కాంత క్షేత్రం లేదు.

ఇక 1961, 1963 పత్రాల పంచాయతీ. రెండూ సరైనవే. 1961 పత్రం తన రెండు షరతులను తానే చెప్పింది. 1963 తీగలో మొదటి షరతు లేదు, తటస్థ గ్రాఫీన్‌లో రెండోది లేదు. వైరుధ్యం పత్రాల మధ్య లేదు, షరతులు వదిలేసి ఫలితం ఒక్కటే చెప్పిన చోట పుట్టింది.

ఒక్కో అంశం మీద నా తీర్పు ఇది. 2011 నాటి 6 డిగ్రీల మలుపులో ద్రవం పాత్ర లేదు. 2012 నాటి జరుగుదల ప్లాస్మా ఊపు, జిగట కాదు. 2019 నాటి హాల్ స్నిగ్ధత నిజమైన ద్రవ సాక్ష్యం, కానీ అది విద్యుత్తుతో కొలిచినది. 2022 నాటి రెట్టింపు శిఖరం కాంతి క్షేత్రం చిన్న దూరంలో మారిందని నిరూపిస్తుంది, జిగటను నిరూపించదు. గ్రాఫీన్‌లో రెట్టింపు దగ్గర శిఖరం చూపి ఎలక్ట్రాన్ ద్రవం దొరికిందని చెప్పే పత్రం మీ చేతికొస్తే, ముందు అందులో మూడో రెట్టు దగ్గర ఏముందో చూడండి. తర్వాత ఇరుకు వెడల్పు ఎన్ని రకాలుగా మార్చారో చూడండి. ఆ రెండు గీతలూ లేకపోతే ఆ మాటను నమ్మకండి.